వ్యాపార సంస్థలకు బాధ్యతా బీమా: భావన, చట్టం, తెలుగు పరిభాష

వ్యాస సంగ్రహం

కర్మాగారం, హోటలు, దుకాణం, కల్యాణమండపం వంటి వ్యాపార స్థలాలలో బయటి వ్యక్తికి హాని జరిగితే, యజమాని చట్టప్రకారం చెల్లించవలసిన పరిహారాన్ని అతని తరఫున భరించేది బాధ్యతా బీమా. అగ్నిబీమా, ఆరోగ్యబీమాలు తెలుగు సమాజానికి పరిచితమైనంతగా ఇది పరిచితం కాలేదు. దీనిని తెలుగులో వివరించే సందర్భాలలో బాధ్యత, పూచీ, పరిహారం, సాయం అనే మాటలు ఒకదాని స్థానంలో ఒకటి ప్రయోగింపబడుతున్నాయి. ఆ కలగలుపు వల్ల యజమాని తనకు లేని రక్షణ ఉందని భావిస్తున్నాడు. బాధితుడు తన హక్కును దయగా స్వీకరిస్తున్నాడు. బాధ్యతా బీమా స్వరూపాన్ని, దాని వెనుక ఉన్న న్యాయసూత్రాలను, ప్రజా బాధ్యత బీమా చట్టం, 1991 ప్రధానాంశాలను వివరించి, వాటికి అనువైన తెలుగు పదాలను సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: బాధ్యతా బీమా, మూడవ పక్షం, పూచీ, నష్టపరిహారం, సంపూర్ణ బాధ్యత, ఎక్స్‌గ్రేషియా, పరిభాష.

1. ఉపోద్ఘాతం

ద్విచక్ర వాహనం ఉన్న ప్రతి కుటుంబానికీ ‘థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్’ అనే మాట తెలుసు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం ఈ బీమా లేకుండా బహిరంగ స్థలంలో వాహనం నడపరాదు. వాహనం దెబ్బతింటే బాగుచేయించడానికి ఉద్దేశించినది కాదిది. ఆ వాహనం వల్ల గాయపడిన పరాయి వ్యక్తికి యజమాని చెల్లించవలసిన పరిహారం కోసం ఏర్పడినది. బాధ్యతా బీమా మూలభావన అంతా ఇందులోనే ఉంది.

ఈ భావన రోడ్డు దాటి దుకాణంలోకి, హోటలులోకి, సినిమాహాలులోకి వచ్చేసరికి అపరిచితమవుతుంది. స్కూటరు యజమానికి ఉన్న ఈ నిర్బంధం వేయిమంది కూర్చునే కల్యాణమండపం యజమానికి లేదు. ప్రమాదకర పదార్థాలతో పనిచేసే సంస్థలను మినహాయిస్తే, బయటివారికి కలిగే హాని కోసం బీమా తీసుకుని తీరాలనే సాధారణ నిర్బంధం దేశవ్యాప్తంగా వ్యాపారాలన్నిటికీ లేదు. తీసుకోవడమూ మానడమూ యజమాని ఇష్టం. ఇష్టానికి వదిలిన విషయంలో అవగాహనే ఆధారం కనుక, ఆ అవగాహనను కలిగించే భాష స్పష్టంగా ఉండవలసిన అవసరం ఎక్కువ.

2. మాటలు, భావనలు

2.1 బీమా

‘బీమా’ ఉర్దూ ద్వారా తెలుగులో స్థిరపడిన పదం. ‘ధీమా’తో ప్రాస కుదరడం వల్ల ప్రచారాలలో ఈ రెండూ తరచు జంటగా కనిపిస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2018లో ప్రారంభించిన రైతు బీమా వంటి పథకాల వల్ల గ్రామాలలో కూడా ఈ పదానికి స్పష్టమైన అర్థం ఏర్పడింది: ఇంటి మనిషికి ఆపద వస్తే ఆ ఇంటికి డబ్బు రావడం. అగ్నిబీమాలోనూ ఇదే తీరు. కాలిపోయినది ఎవరి సరుకో డబ్బు అందేది వారికే. ఈ అనుభవం నుండి చూసేవారికి బాధ్యతా బీమా తలకిందులుగా కనిపిస్తుంది. ఇక్కడ ప్రీమియం చెల్లించేది ఒకరు, గాయపడేది మరొకరు. యజమానికి జరిగిన నష్టానికి ఇందులో ఒక్క రూపాయి కూడా రాదు. ఇతరులకు అతడు చెల్లించవలసిన సొమ్ము భారమే అతని నష్టంగా లెక్కింపబడుతుంది.

2.2 పూచీ

బాధ్యతా బీమాను వివరించేటప్పుడు ‘కంపెనీ పూచీ పడుతుంది’ అనడం సహజంగా వినిపించే మాట. చట్టం దృష్టిలో ఇది సరికాదు. భారత ఒప్పందాల చట్టం, 1872లో 124వ సెక్షన్ నష్టపూర్తి ఒప్పందాన్నీ, 126వ సెక్షన్ పూచీ ఒప్పందాన్నీ వేర్వేరుగా నిర్వచించాయి. పూచీలో ముగ్గురు ఉంటారు: అప్పు తీసుకున్నవాడు, అప్పు ఇచ్చినవాడు, పూచీదారు. పూచీదారు మాట ఇచ్చేది అప్పు ఇచ్చినవాడికి. కనుక అతడు నేరుగా పూచీదారును అడగగలడు. నష్టపూర్తి ఒప్పందంలో ఇద్దరే ఉంటారు. నీకు కలిగే నష్టాన్ని నేను పూరిస్తానని ఒకరు మరొకరికి మాట ఇస్తారు.

బాధ్యతా బీమా నష్టపూర్తి స్వభావం కలది. బీమా సంస్థ మాట ఇచ్చినది యజమానికే కాని గాయపడినవాడికి కాదు. యజమాని పాలసీ షరతు ఉల్లంఘిస్తే సంస్థ చెల్లింపును నిరాకరించవచ్చు. అప్పుడు బాధితుడికి యజమాని ఆస్తి తప్ప వేరే ఆధారం ఉండదు. మోటారు వాహనాల చట్టం, 1991 చట్టం వంటివి బాధితుడి కోసం ఈ నియమాన్ని ప్రత్యేకంగా సడలించాయి. ఆ చట్టాల పరిధికి వెలుపల ‘పూచీ’ అనే మాట బాధితుడికి లేని భరోసాను కల్పిస్తుంది.

2.3 బాధ్యత

‘తల్లిదండ్రుల బాధ్యత’, ‘పౌర బాధ్యత’ అన్నప్పుడు ఈ పదానికి కర్తవ్యమని అర్థం. ‘ప్రమాదానికి బాధ్యులు’ అన్నప్పుడు నిందార్హులని అర్థం. బీమా పాలసీలో దీని అర్థం ఈ రెండూ కాదు. చట్టప్రకారం సొమ్ము చెల్లించవలసిన స్థితి. ఒక వ్యక్తి నైతికంగా ఎంత బాధ్యత వహించినా చట్టం చెల్లించమనకపోతే పాలసీ కదలదు. అతని తప్పు ఏమీ లేకపోయినా చట్టం చెల్లించమంటే, సంబంధిత పాలసీ ఉన్న మేరకు అది అతనిని ఆదుకుంటుంది. కర్తవ్యం, నింద, చెల్లింపు అనే మూడు అర్థాలూ తెలుగులో ఒకే పదంలో ఇమిడి ఉండడం వల్ల ‘బాధ్యతా బీమా’ అనే మాట వినగానే మూడవ అర్థం స్ఫురించదు.

2.4 పరిహారం, సాయం, ఎక్స్‌గ్రేషియా

‘పరిహారం’ అంటే తొలగించడం, పోగొట్టడం. దోషపరిహారం అన్నా నష్టపరిహారం అన్నా ధాత్వర్థం ఒకటే. నష్టం జరగకముందు ఉన్న స్థితికి, డబ్బుతో సాధ్యమైనంత వరకు, బాధితుడిని తీసుకురావడం నష్టపరిహారం. అది బాధితుడి హక్కు. ‘ఎక్స్‌గ్రేషియా’ లాటిన్ నుండి వచ్చిన మాట. అనుగ్రహపూర్వకంగా అని దాని అర్థం. చట్టపరమైన బాధ్యతను అంగీకరించకుండా ఇచ్చే సొమ్ము అది. ప్రమాద వార్తలలో నష్టపరిహారం, ఎక్స్‌గ్రేషియా, ఆర్థిక సాయం అనే మూడు మాటలూ పర్యాయపదాల వలె కనిపిస్తాయి. చదివేవారికి ఇది శైలీభేదంగా తోచవచ్చు. బాధితుడి విషయంలో మాత్రం తనకు రావలసినదాన్ని అడుగుతున్నాడా, ఇచ్చినదాన్ని పుచ్చుకుంటున్నాడా అన్నది ఈ మాటల ఎంపికపై ఆధారపడుతుంది.

3. బాధ్యత ఏర్పడే మూడు మార్గాలు

పాలసీ బాధ్యతను సృష్టించదు. చట్టం సృష్టించిన బాధ్యతను మోస్తుంది. కనుక బాధ్యత ఎలా ఏర్పడుతుందో ముందు తెలియాలి.

3.1 నిర్లక్ష్యం వల్ల కలిగే బాధ్యత

తగినంత జాగ్రత్త వహించకపోవడం, ఆ కారణంగా ఇతరులకు హాని కలగడం దీనికి ఆధారాలు. 1928లో స్కాట్లండులోని పైస్లీ పట్టణంలో ఒక మహిళ తాగిన జింజర్ బీర్ సీసాలో నత్త కళేబరం ఉందన్న ఆరోపణతో మొదలైన వివాదం 1932లో డోనహ్యూ–స్టీవెన్సన్ తీర్పుగా ముగిసింది. ఆ సీసాను కొన్నది ఆమె కాదు, ఆమె స్నేహితురాలు. ఆమెకూ తయారీదారుకూ మధ్య ఒప్పందమేదీ లేదు. అయినా తన సరుకు వాడేవారి పట్ల తయారీదారుకు జాగ్రత్త వహించవలసిన విధి ఉందని హౌస్ ఆఫ్ లార్డ్స్ నిర్ణయించింది. ఒప్పందం లేని పరాయి వ్యక్తికి కూడా వ్యాపారి జవాబుదారీ అనే సూత్రం దీనితో బలపడింది. భారతదేశంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉత్పత్తి బాధ్యతకు ప్రత్యేకంగా ఆరవ అధ్యాయాన్ని కేటాయించింది.

3.2 కఠిన బాధ్యత

ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని కట్టించిన జలాశయం నుండి నీరు పొరుగువాని బొగ్గుగనిలోకి చొరబడింది. రైలాండ్స్–ఫ్లెచర్ అనే ఈ వివాదంలో 1868లో వెలువడిన తీర్పు ప్రకారం, బయటపడితే హాని చేసే వస్తువును తన భూమిపైకి తెచ్చి నిల్వ చేసినవాడు, నిర్లక్ష్యం రుజువు కాకపోయినా, నష్టానికి బాధ్యుడు. దైవఘటన, అపరిచితుని చర్య, బాధితుని సమ్మతి వంటి మినహాయింపులు మాత్రం దీనికి ఉన్నాయి.

3.3 సంపూర్ణ బాధ్యత

1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుండి మిథైల్ ఐసోసయనేట్ వాయువు వెలువడింది. ఏడాది తిరగగానే, 1985 డిసెంబరు 4న, ఢిల్లీలోని శ్రీరామ్ ఫుడ్స్ అండ్ ఫర్టిలైజర్స్ నుండి ఓలియం వాయువు లీకయింది. ఎం.సి. మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంలో ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నేతృత్వంలోని ధర్మాసనం 1986 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. ప్రమాదకర కార్యకలాపం నిర్వహించే సంస్థ దాని వల్ల కలిగే హానికి సంపూర్ణంగా బాధ్యత వహించాలి. రైలాండ్స్ సూత్రంలోని మినహాయింపులేవీ ఇక్కడ వర్తించవు. సంస్థ పరిమాణం, శక్తి పెరిగేకొద్దీ పరిహారం కూడా పెరగాలి. ఈ తీర్పు సారాంశం ఇది.

ఈ మూడు దశలలో ‘తప్పు’కూ ‘బాధ్యత’కూ ఉన్న ముడి క్రమంగా వదులయింది. మొదటి దశలో తప్పు రుజువైతేనే చెల్లింపు. చివరి దశలో తప్పు ప్రసక్తే లేదు. తప్పు లేదు కనుక బాధ్యత లేదనే లోకవ్యవహార తర్కం ఇక్కడ పనిచేయదు.

4. ప్రజా బాధ్యత బీమా చట్టం, 1991

భోపాల్ బాధితులకు 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు పరిష్కారం కుదరడానికి నాలుగేళ్లకు పైగా పట్టింది. తీర్పు వచ్చేలోగా గాయపడినవారి వైద్యానికీ కుటుంబ పోషణకూ తక్షణ ఆధారం ఉండాలనే ఉద్దేశంతో పార్లమెంటు చేసిన చట్టం 1991 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దీని ముఖ్యాంశాలు ఇవి.

అ) ప్రమాదకర పదార్థాన్ని నిర్వహించే ప్రతి యజమానీ, ఆ పని ప్రారంభించకముందే, బీమా పాలసీ తీసుకోవాలి.

ఆ) మరణం, గాయం, ఆస్తినష్టం సంభవిస్తే, ఎవరి తప్పు వల్ల జరిగిందో బాధితుడు నిరూపించనవసరం లేదు.

ఇ) దరఖాస్తు చేసుకోవలసింది జిల్లా కలెక్టరుకు. ప్రమాదం గురించి తగిన ప్రచారం చేసి దరఖాస్తులు ఆహ్వానించే విధి కూడా కలెక్టరుదే. ప్రమాదం జరిగిన అయిదేళ్లలోగా దరఖాస్తు చేయాలి. మూడు నెలల్లో పరిష్కరించడానికి ప్రయత్నించాలి. కలెక్టరు ఉత్తర్వు ప్రకటించిన ముప్పై రోజుల్లో బీమా సంస్థ తన వాటా సొమ్ము జమచేయాలి.

ఈ) ప్రీమియంతో పాటు దానికి సమానమైన మొత్తాన్ని యజమాని పర్యావరణ సహాయ నిధికి చెల్లించాలి. ఈ ఏర్పాటు 1992 సవరణతో వచ్చింది.

ఉ) ఈ చట్టం కింద సొమ్ము పొందినంత మాత్రాన ఇతర చట్టాల కింద అధిక పరిహారం కోరే హక్కు పోదు.

ఊ) సంస్థలోని కార్మికులు దీని పరిధిలోకి రారు. వారి కోసం వేరే చట్టాలు ఉన్నాయి.

చట్టం చేసిననాటి అనుబంధంలో మరణానికి 25,000 రూపాయలు, వైద్యఖర్చులకు గరిష్ఠంగా 12,500 రూపాయలు, ఆస్తినష్టానికి గరిష్ఠంగా 6,000 రూపాయలు నిర్ణయించారు. ఇటువంటి మొత్తాలు సవరణలకు లోబడి ఉంటాయి కనుక, ఏ ప్రమాదం విషయంలోనైనా ఆనాటికి అమలులో ఉన్న ప్రకటనను చూడాలి. 2023 నాటి జన విశ్వాస్ చట్టం ఈ చట్టంలోని శిక్షల నిబంధనలను కూడా సవరించింది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి పలువురు మరణించారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానుగా విచారణ చేపట్టి, ప్రాథమికంగా 50 కోట్ల రూపాయలు జిల్లా మేజిస్ట్రేటు వద్ద జమచేయాలని మే 8న సంస్థను ఆదేశించింది. రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించింది. ఈ రెండు మొత్తాల స్వభావం వేరు. మొదటిది సంస్థ బాధ్యత నుండి పుట్టింది. రెండవది ప్రభుత్వ నిర్ణయం నుండి వచ్చింది. 1991 చట్టం కింద కలెక్టరు ద్వారా లభించే ఉపశమనం ఈ రెండింటికీ భిన్నమైన మూడవ మార్గం. హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010 కూడా తాను ఇప్పించే పరిహారం 1991 చట్టపు ఉపశమనానికి అదనమని చెబుతుంది. ఈ మూడింటినీ ‘పరిహారం’ అనే ఒకే మాటతో పిలిస్తే, ఒకటి అందగానే మిగిలిన రెండూ తీరిపోయాయని బాధిత కుటుంబం భావించే ప్రమాదం ఉంది.

5. ఐచ్ఛిక పాలసీ నిర్మాణం

1991 చట్టం కింద తీసుకునే నిర్బంధ పాలసీ ఒకటి. యజమాని ఇష్టపూర్వకంగా తీసుకునే పబ్లిక్ లయబిలిటీ పాలసీ మరొకటి. రెండింటి పేర్లూ దాదాపు ఒకటే కావడం గందరగోళానికి మూలం. ఐచ్ఛిక పాలసీలు సాధారణంగా 1991 చట్టపు బాధ్యతను స్పష్టంగా మినహాయిస్తాయి. రసాయన గోదాము యజమాని ఐచ్ఛిక పాలసీ తీసుకుని చట్టనిర్బంధం తీరిందనుకుంటే అది పొరపాటు. నిర్బంధ పాలసీ మాత్రమే ఉంచుకుని న్యాయస్థానం విధించే పూర్తి పరిహారానికి రక్షణ ఉందనుకోవడమూ పొరపాటే.

5.1 పరిమితులు

ఐచ్ఛిక పాలసీలో రెండు పరిమితులు ఉంటాయి: ఒక ప్రమాదానికి ఎంత, ఒక సంవత్సరానికి ఎంత. ఉదాహరణకు ఒక కల్యాణమండపానికి ప్రమాదానికి 20 లక్షలు, సంవత్సరానికి 40 లక్షల పరిమితితో పాలసీ ఉందనుకుందాం. ప్రతి క్లెయిములో మొదటి 25,000 రూపాయలు యజమాని భరించాలి. దీనినే ఎక్సెస్ అంటారు.

మొదటి ప్రమాదంలో పరిహారం 14 లక్షలు, న్యాయవాద ఖర్చులు 1.5 లక్షలు అయ్యాయి. భారతీయ పాలసీలలో సాధారణంగా న్యాయవాద ఖర్చులు కూడా పరిమితిలో భాగమే. మొత్తం 15.5 లక్షల నుండి ఎక్సెస్ పోగా బీమా సంస్థ 15.25 లక్షలు చెల్లిస్తుంది. సంవత్సర పరిమితిలో మిగిలినది 24.75 లక్షలు. అదే సంవత్సరం రెండవ ప్రమాదంలో 26 లక్షల బాధ్యత ఏర్పడితే, ఒక ప్రమాదానికి పరిమితి 20 లక్షలే కనుక 6 లక్షలు యజమానిపై పడతాయి. ఇక మిగిలేది 4.75 లక్షలు. మూడవ ప్రమాదం 10 లక్షలదైతే యజమాని 5.25 లక్షలు స్వయంగా భరించాలి. ‘నలభై లక్షల పాలసీ’ అనే మాట చెప్పని లెక్క ఇది.

5.2 కాలనియమం

ప్రమాదం జరిగిన తేదీని బట్టి వర్తించే పాలసీలు కొన్ని. పరిహారం కోసం డిమాండు వచ్చిన తేదీని బట్టి వర్తించేవి కొన్ని. మొదటివాటిని ఘటన ఆధారిత పాలసీలనీ, రెండవవాటిని క్లెయిమ్ ఆధారిత పాలసీలనీ అనవచ్చు. భారతదేశంలో పబ్లిక్ లయబిలిటీ పాలసీలు సాధారణంగా రెండవ తరగతికి చెందుతాయి. వీటిలో రెండు షరతులు కలిసి నెరవేరాలి. ప్రమాదం పాలసీలో పేర్కొన్న పూర్వ తేదీ తరువాత జరిగి ఉండాలి. డిమాండు పాలసీ కాలంలో రావాలి.

2023 ఏప్రిల్ నుండి 2024 మార్చి వరకు పాలసీ ఉన్న హోటలులో 2024 ఫిబ్రవరిలో ఒక అతిథి మెట్లపై జారిపడ్డాడనుకుందాం. యజమాని పాలసీని పునరుద్ధరించలేదు. వినియోగదారుల ఫిర్యాదుకు సాధారణ గడువు రెండేళ్లు కనుక 2025 సెప్టెంబరులో నోటీసు వచ్చింది. ప్రమాదం నాటికి బీమా ఉన్నా, నోటీసు నాటికి లేదు. క్లెయిమ్ ఆధారిత పాలసీలో అతనికి ఏమీ రాదు. ప్రమాదం జరిగిన వెంటనే, పాలసీ కాలంలోనే, ఆ సంగతి రాతపూర్వకంగా బీమా సంస్థకు తెలిపి ఉంటే తరువాత వచ్చిన నోటీసుకు కూడా సాధారణంగా రక్షణ లభించేది.

బాధ్యత తేలడానికి ఎంత కాలం పట్టవచ్చో ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలు ఉదంతం చెబుతుంది. 1997 జూన్ 13న అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో పొగతో ఊపిరాడక 59 మంది మరణించారు. పరిహారంపై సుప్రీంకోర్టు తీర్పు 2011 అక్టోబరు 13న, అంటే పద్నాలుగేళ్లకు, వచ్చింది. బాధ్యతలో 85 శాతం సినిమాహాలు లైసెన్సుదారుపైనా, 15 శాతం విద్యుత్ బోర్డుపైనా న్యాయస్థానం ఉంచింది. ప్రేక్షకులు టికెట్టు కొని కూర్చునే సాధారణ స్థలం కూడా ఎంత పెద్ద బాధ్యతకు నిలయం కాగలదో దీనివల్ల తెలుస్తుంది.

6. పాలసీ భరించనివి

పాలసీ పత్రంలో యజమాని ముందుగా చదవవలసిన భాగం మినహాయింపులు. సాధారణంగా కనిపించేవి ఇవి.

యజమాని సొంత ఉద్యోగులకు కలిగిన గాయాలు ఇందులోకి రావు. అతని ఆధీనంలో ఉన్న ఇతరుల వస్తువులు కూడా రావు. ఉతకడానికి ఇచ్చిన పట్టుచీర చిరిగితే లాండ్రీ యజమానికి ఈ పాలసీ ఉపయోగపడదు. స్థలం దాటి అమ్ముడుపోయిన సరుకు చేసిన హానికి ఉత్పత్తి బాధ్యతా పాలసీ వేరుగా కావాలి. వైద్యుడు, ఆడిటరు, ఇంజనీరు వృత్తిపరంగా చేసిన పొరపాట్లకు వృత్తి బాధ్యతా పాలసీ ఉంది. వైద్యసేవలు వినియోగదారుల చట్ట పరిధిలోకి వస్తాయని 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్–వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పిన నాటి నుండి ఆసుపత్రులకు ఇది ముఖ్యమయింది. జరిమానాలు, శిక్షాత్మక పరిహారం, తెలిసీ చట్టాన్ని ఉల్లంఘించడం వల్ల కలిగిన బాధ్యత, క్రమంగా పేరుకున్న కాలుష్యం సాధారణంగా మినహాయింపులే. లిఫ్టు, ఈతకొలను, భోజన సరఫరాల వల్ల కలిగే హానికి అదనపు రక్షణ కోరి తీసుకోవలసి రావచ్చు.

అమెరికాలో వాడుకలో ఉన్న కమర్షియల్ జనరల్ లయబిలిటీ పాలసీ స్వరూపం కొంత భిన్నం. 1986లో ప్రస్తుత పేరు పొందిన ఈ ప్రామాణిక పత్రంలో శరీర గాయం, ఆస్తినష్టం ఒక భాగం. పరువునష్టం వంటి వ్యక్తిగత హాని, ప్రకటనల వల్ల కలిగే హాని రెండవ భాగం. తప్పుతో నిమిత్తం లేకుండా ఇచ్చే చిన్న వైద్యఖర్చులు మూడవ భాగం. అక్కడ వ్యాపారాలు నడిపే తెలుగువారికీ, అక్కడి సంస్థలతో ఒప్పందాలు చేసుకునే హైదరాబాదు కంపెనీలకూ ఇది ఒప్పంద షరతుగా ఎదురవుతుంది. రెండు దేశాల పాలసీల పేర్లు దగ్గరగా ఉన్నా లోపలి రక్షణ ఒకటి కాదని గ్రహించాలి.

7. షరతులు, లోకరీతి

ప్రమాదం జరిగినప్పుడు యజమాని బాధితుడి దగ్గరకు వెళ్లి ‘ఖర్చంతా మేమే పెట్టుకుంటాం’ అనడం తెలుగునాట మర్యాద. అనకపోతే అమానుషం. తరువాత పెద్దమనుషులు కూర్చుని ఒక మొత్తానికి రాజీ కుదర్చడం కూడా మామూలే. బాధ్యతా పాలసీలో మాత్రం, బీమా సంస్థ రాతపూర్వక అనుమతి లేకుండా బాధ్యతను అంగీకరించరాదు, చెల్లిస్తానని మాట ఇవ్వరాదు, రాజీ పడరాదు అనే షరతు ఉంటుంది. మర్యాదగా అన్న మాట పాలసీ దృష్టిలో ఒప్పుకోలు కావచ్చు. అది సంస్థకు చెల్లింపు నిరాకరించే అవకాశం ఇస్తుంది. అప్పుడు నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు. అతనికి చెల్లించే శక్తి లేకపోతే బాధితుడు కూడా.

ఈ వైరుధ్యానికి పరిష్కారం మానవత్వాన్ని మానుకోవడం కాదు. ఆసుపత్రికి తీసుకువెళ్లడం, ప్రథమచికిత్స చేయించడం, పరామర్శించడం బాధ్యతను ఒప్పుకోవడం కిందకు రావు. ఆదుకోవడానికీ ఒప్పుకోవడానికీ మధ్య గీత ఎక్కడ ఉందో పాలసీ అమ్మేనాడే యజమానికి అతని భాషలో చెప్పాలి. ఆ మాట చెప్పే పత్రం ఆంగ్లంలో ఉండి, వివరించే ఏజెంటు ‘అన్నీ కవర్ అవుతాయి’ అని ఊరుకుంటే ఈ గీత ఎవరికీ కనిపించదు.

8. పరిభాషా సూచనలు

పై చర్చ ఆధారంగా కొన్ని పదాలను సూచించవచ్చు. లయబిలిటీకి కేవలం ‘బాధ్యత’ అనక, మొదటి ప్రయోగంలోనైనా ‘చెల్లింపు బాధ్యత’ అంటే కర్తవ్యార్థం తొలగుతుంది. ఇండెమ్నిటీకి ‘నష్టపూర్తి’ని, గ్యారంటీకి ‘పూచీ’ని స్థిరపరిస్తే రెండు ఒప్పందాల భేదం నిలుస్తుంది. నో ఫాల్ట్ లయబిలిటీకి ‘తప్పుతో నిమిత్తం లేని బాధ్యత’ అనడం కొంచెం దీర్ఘమైనా సుబోధకం. ‘నిర్దోష బాధ్యత’ అంటే యజమాని నిర్దోషి అని తేల్చినట్లు అపార్థం కలుగుతుంది. 1991 చట్టం కింద ఇచ్చే సొమ్ముకు ‘తక్షణ ఉపశమనం’, న్యాయస్థానం ఇప్పించేదానికి ‘నష్టపరిహారం’, ప్రభుత్వం స్వచ్ఛందంగా ఇచ్చేదానికి ‘అనుగ్రహ సాయం’ అని మూడు మాటలు వేరువేరుగా వాడవచ్చు. ప్రీమియం, పాలసీ, క్లెయిమ్, థర్డ్ పార్టీ వంటివి జనవ్యవహారంలో స్థిరపడ్డాయి. వాటిని అనువదించవలసిన అవసరం లేదు.

9. ముగింపు

1. బాధ్యతా బీమా యజమాని సొంత నష్టానికి కాక, చట్టప్రకారం అతడు ఇతరులకు చెల్లించవలసిన సొమ్ముకు రక్షణ.

2. న్యాయసూత్రాలు నిర్లక్ష్యం నుండి సంపూర్ణ బాధ్యత వరకు విస్తరించడంతో, ప్రమాదకర కార్యకలాపాలలో తప్పు లేకపోవడం యజమానిని కాపాడదు.

3. 1991 చట్టపు నిర్బంధ పాలసీ, ఐచ్ఛిక పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు.

4. పరిమితులు, కాలనియమం, మినహాయింపులు, ఒప్పుకోలు షరతు అనే నాలుగు అంశాలు తెలియకుండా పాలసీ ఉందని నిశ్చింతగా ఉండడం సరికాదు.

5. నష్టపరిహారాన్ని, ఉపశమనాన్ని, అనుగ్రహ సాయాన్ని వేరుచేసి చెప్పే తెలుగు బాధితుడికి తన హక్కులను లెక్కపెట్టుకునే వీలు కల్పిస్తుంది.

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఆ నగరపు భాషలో బాధ్యతా బీమాకు నిర్దిష్టమైన పదజాలం ఏర్పడడానికి న్యాయశాస్త్ర, వాణిజ్యశాస్త్ర, తెలుగు శాఖలు కలిసి పనిచేయవలసి ఉంది. పాలసీ పత్రాల అనువాదం, ప్రమాద వార్తలలో పరిహార పదాల ప్రయోగం, కలెక్టరు కార్యాలయాల ప్రకటనల భాష ఈ దిశలో పరిశోధనకు అనువైన అంశాలు.